గడ్డం కనిపించేదాకా

బాబాయి పోయారన్న సంగతి నాకు ఫిబ్రవరి చివర్లో ఒక మంగళవారం మధ్యాహ్నం తెలిసింది. ఆఫీసులో లంచ్ డబ్బా మూత తీసి కూర్చున్నాను. ఆయన కూతురు, నా చెల్లి నీరజ ఫోన్ చేసింది. పొద్దున్న కాఫీ తాగి, వెనక వరండాలో పిట్టలకి గింజలు వేసి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నారట. పిన్ని ఏదో అడిగితే జవాబు రాలేదట. గుండె. అంతకుముందే ఒకసారి స్టెంట్ వేశారు కాబట్టి ఎవరికీ అది మరీ అనుకోని సంగతి కాదు. "నాన్న పోయారక్కా" అని చెప్పి, వెంటనే ఏ ఫ్లైట్ దొరుకుతుందోనని మాట్లాడటం మొదలుపెట్టింది నీరజ. నేను కూడా ఫ్లైట్ల గురించే మాట్లాడాను. అలాంటప్పుడు నోటికి వచ్చేవి అవే.

ఆయన మా పిన్ని భర్త. పశువైద్యులు. తిరుపతిలో చదువుకుని, ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలు రాసి, న్యూయార్క్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. న్యూయార్క్ అంటే మన కళ్ళముందు మెదిలే నగరం కాదు. దానికి చాలా దూరంగా, ఉత్తరాన, పాడి ఆవులూ మొక్కజొన్న చేలూ ఉన్న కొండప్రాంతం. నేను పిస్కాటవే అనే ఊళ్ళో చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది నుంచి, సెలవు దొరికితే నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వాళ్ళింటికి పోయేదాన్ని. నాకు ఈ దేశంలో సొంత ఇల్లంటూ లేని రోజుల్లో అదే నా ఇల్లు.

ఈ నాలుగు మాటలు రాయడం ఆయన గొప్పవారని చెప్పడానికి కాదు. ఆయనకా ధ్యాస ఉండేది కాదు. మన తెలుగువాళ్ళలో టర్కీ కోడి వేటకు వెళ్ళినవాళ్ళు ఆయన తప్ప నాకింకెవరూ తెలియదు. ఆ వేట మారిపోతున్న కాలంలో ఆయన అందులో ఉన్నారు. ఆ మార్పు ఒకరోజు ఆయన తుపాకి గొట్టం దాకా వచ్చింది. నేను పక్కనే కూర్చుని చూశాను.

టర్కీ అనగానే మీకు థాంక్స్‌గివింగ్ పండగ ముందు స్టోర్‌లో ఐసు గడ్డలా పడి ఉండే తెల్లటి పక్షి గుర్తొస్తుంది. అడవి టర్కీ వేరు. నల్లని ఒళ్ళు, ఎండ తగిలితే రాగి రంగు. సాయంత్రం కాగానే ఎగిరి పెద్ద చెట్టెక్కి పడుకుంటుంది. తెల్లవారేముందు పుంజు చెట్టు మీదనుంచే గొంతు విప్పుతుంది, గొబగొబమని, కొండ అవతల కూడా వినపడేలా. దాని ఛాతీ మీదనుంచి గుర్రపు వెంట్రుకల్లాంటి కుచ్చు ఒకటి వేలాడుతుంది. దాన్నే గడ్డం అంటారు. వసంతకాలంలో గడ్డం ఉన్న పక్షినే కొట్టాలి. అది చట్టం.

వేటగాడు చేసేదల్లా ఒక చెట్టుకి ఆనుకుని కదలకుండా కూర్చుని పెట్టలా కూయడం. ఆ కూతకి పుంజు దిగి రావాలి. అది చాలా అరుదుగా వస్తుంది. ఎందుకని అడిగితే బాబాయి చెప్పిన మాట ఇది: "పుంజు పిలిస్తే పెట్ట వెళ్ళాలమ్మా. అది వాటి ఆచారం. మనం ఆచారం తిరగేసి పెట్ట దగ్గరికి పుంజుని రమ్మంటున్నాం. అది అనుమానపడదూ మరి?"

ఆయనకు ఆ వేట నేర్పింది వాల్ట్ అనే పాడిరైతు. బాబాయి కొత్తగా పనిలో చేరినప్పుడు కొందరు రైతులు ఫోన్‌లో గొంతు వినగానే వేరే డాక్టరు లేరా అని అడిగేవారట. వాల్ట్ కూడా అడిగాడట. వేరే డాక్టరు ఆ రోజు లేడు కాబట్టి బాబాయి వెళ్ళారు. దూడ అడ్డం తిరిగి ఉంది. భుజందాకా చెయ్యి పెట్టి, ఒళ్ళంతా తడిసి, తల్లినీ బిడ్డనీ దక్కించారు. ఈ కథ ఎప్పుడు చెప్పినా, "ఆవు మాత్రం నాది ఏ ఊరని అడగలేదు" అని ముగించేవారు. ఆ మే నెలలో వాల్ట్ ఆయన్ని తన అడవికి తీసుకెళ్ళాడు. థాంక్స్ చెప్పడం ఆ రైతులకి రాదనీ, వేటకి పిలవడమే వచ్చనీ బాబాయి అనేవారు. వాల్ట్ పోయాక అతని కొడుకు కూడా ఆయన్ని ఆ పొలంలోకి రానిచ్చాడు.

వాల్ట్ ఇచ్చిన కూతపెట్టె ఒకటి ఆయన దగ్గరుండేది. జానెడు చెక్క పెట్టె, పైన తెడ్డులాంటి మూత. మూతకి సుద్ద రాసి అంచు మీద మెల్లగా లాగితే అచ్చం పెట్ట గొంతు వస్తుంది. నడుస్తుంటే జేబులో అదే కూసేస్తుందని దాన్ని బ్రెడ్ కవర్‌లో చుట్టి పెట్టుకునేవారు. ఇంకో జేబులో పిన్ని కలిపిన పులిహోర, చిన్న స్టీలు డబ్బాలో. పక్షి దొరికినా దొరక్కపోయినా పొద్దెక్కాక పొలం గట్టు మీద కూర్చుని ఆ డబ్బా ఖాళీ చేసేవారు. దొరికిన రోజున పిన్ని పని పెరిగేది. అడవి పక్షి కాళ్ళు చెక్కలా ఉంటాయి. కుక్కర్‌లో ఎన్నో కూతలు రానిచ్చి పులుసు పెట్టేది. ఛాతీ మాంసం గోంగూరతో వండేది. తెలుగువాళ్ళు తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి పట్టుకెళితే ఎవరో ఒకరు ఇది చికెనా ఆంటీ అని అడిగేవారు. "చికెన్‌కి పెదనాన్న" అనేది పిన్ని.

నేను మొదటిసారి వెళ్ళిన పొద్దున నాకు బాగా గుర్తుంది. పరీక్షలైపోయి ఊరికే ఉన్నాను. వెళ్ళే ముందు బాబాయి నన్ను వంటింటి దీపం కింద నిలబెట్టి కిందినుంచి పైదాకా చూశారు. సాక్సు తెలుపని మార్పించారు. తరవాత నా మొహం చూసి, "బొట్టు తీసెయ్యమ్మా" అన్నారు. పొద్దున్నే ఆడపిల్లని బొట్టు తీయమంటారేమిటని పిన్ని కోప్పడింది. ఆయన నెమ్మదిగా వివరించారు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం కలిసి ఉంటుంది. ఆ అడవిలో వేరే వేటగాడు ఎవరైనా ఉంటే, ఆకుల మధ్య ఆ రంగుల్లో ఏది కదిలినా వాడి కళ్ళకి అది పుంజే. చెట్టుకి ఆనుకునేటప్పుడు కూడా మన భుజాల కంటే లావైన చెట్టు చూసుకోవాలి, వెనకనుంచి ఎవడైనా కాల్చినా చెట్టు కాస్తుంది. ఇవన్నీ ఆయన భయపెడుతున్నట్టు చెప్పలేదు. బిడ్డకి రోడ్డు దాటడం నేర్పినట్టు చెప్పారు. పిన్ని మారు మాట్లాడకుండా నా నుదురు తన కొంగుతో తుడిచింది.

ఆ రోజు ఏమీ దొరకలేదు. ఒక పుంజు దూరంనుంచి జవాబిచ్చింది కానీ రాలేదు. మళ్ళీ పిలవండి బాబాయ్ అని నేను గుసగుసలాడాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తిరిగొస్తూ చెప్పారు, ఒకసారి పిలిచి ఊరుకోవాలట, వెంటనే రెండోసారి పిలిస్తే మనకు తొందరుందని దానికి తెలిసిపోతుందట. పెళ్ళి సంబంధాలకీ అదే సూత్రమని కూడా అన్నారు. పిన్ని వినలేదు కాబట్టి సరిపోయింది.

ఆ తరవాత ఏళ్ళలో ఆ వేట నా కళ్ళముందే మారింది. కుర్రవాళ్ళు ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే ఏ గట్టు ఎవరిదో గీతలతో సహా కనపడేది. కూత నేర్చుకోవడానికి రైతు పక్కన కూర్చోనక్కర్లేదు, వీడియోలున్నాయి. తూటాల్లో నింపే గుళ్ళు మారి తుపాకి కొట్టే దూరం పెరిగింది. పుంజుని రప్పించడానికి, అసలు పక్షికీ బొమ్మకీ తేడా తెలియనంత బాగా బొమ్మలొచ్చాయి. బాబాయి వీటిని తిట్టగా నేను వినలేదు. క్లినిక్‌లో మొదటిసారి అల్ట్రాసౌండ్ మెషీన్ వచ్చినప్పుడు కూడా పాత డాక్టర్లు గొణిగారనీ, ఆవులకి మాత్రం మేలే జరిగిందనీ అనేవారు. ఆయన పద్ధతి ఆయనది, అంతే.

టెక్నాలజీ ఆయన దగ్గరికి మొదట వచ్చింది చెవి ద్వారా. రిటైరయ్యే నాటికి వినికిడి బాగా తగ్గింది. వరసగా రెండు వసంతాలు అడవికి వెళ్ళి, పుంజులే లేవని తిరిగొచ్చారు. పుంజులున్నాయి. ఆయనకే వినపడలేదు. నీరజ పట్టుబట్టి హియరింగ్ ఎయిడ్స్ పెట్టించింది. ఫోన్‌లో యాప్‌తో వాటిని హెచ్చించుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. క్లినిక్ నుంచి బయటికొచ్చి పార్కింగ్ లాట్‌లో కారెక్కకుండా నిలబడిపోయారట. పిన్ని ఏమైందని అడిగితే, "ఈ పిట్టలన్నీ ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయే?" అన్నారట. పిన్ని ఆ సంగతి మాకు చాలాసార్లు చెప్పింది.

కానీ ఒక లోపం మిగిలింది. పుంజు కూత మళ్ళీ వినపడింది గానీ, ఏ వైపునుంచి వస్తోందో తెలియలేదు. అన్నీ తల లోపలినుంచే వస్తున్నట్టు ఉంటాయని చెప్పారు. దిక్కు తెలియకపోతే ఆ వేట లేదు. అప్పుడు నాకు ఫోన్ చేసి, మేలో రెండు వారాంతాలు ఖాళీ ఉంటే రమ్మన్నారు. "నువ్వేం చెయ్యక్కర్లేదమ్మా. ఏ వైపో వేలు చూపించు చాలు."

అలా కొన్నేళ్ళు నేను ఆయనకి దిక్కు చూపించాను. ఆయన చెట్టుకి ఆనుకుని కూర్చుంటే నేను ఎడమపక్కన. పుంజు కూస్తే ఆయన కళ్ళు నా వైపు తిరిగేవి, నేను మోకాలి మీద వేలు కదిపేదాన్ని. ఆ మంచులో, ఆ నిశ్శబ్దంలో మేం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. నా ఉద్యోగం, వీసా, పెళ్ళి, ఇవేవీ ఆయన అడగలేదు. మిగతా అందరూ అడిగేవారు కాబట్టి నాకది విశ్రాంతిగా ఉండేది.

తరవాత స్టెంట్ వేశారు. నీరజ కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఉంటుంది. ఈ దేశంలో పుట్టినవాళ్ళ తెలుగు దానిది, సగం ఇంగ్లీషు. కెమెరా తీసిన బొమ్మల్లో ఏది మనిషో ఏది చెట్టో కంప్యూటర్‌కి నేర్పించే ఉద్యోగం. అది తండ్రికి కెమెరాలు కొని తెచ్చింది. చెట్టుకి కడితే చాలు, ముందునుంచి ఏది పోయినా బొమ్మ తీసి ఫోన్‌కి పంపిస్తాయి. బొమ్మలో కనపడ్డ జంతువు చుట్టూ ఆకుపచ్చ గీతలు గీసి, పైన జింక అనో నక్క అనో టర్కీ అనో పేరు కూడా అవే రాస్తాయి. వాల్ట్ కొడుకుని అడిగి పొలం చుట్టూ కట్టింది. బొమ్మలు బాబాయి, పిన్ని, నీరజ ముగ్గురి ఫోన్లకీ వచ్చేవి.

బాబాయి వాటిని రోజూ టిఫిన్ దగ్గర చూసేవారు. కొన్నాళ్ళకి ఆయన పొద్దున్నే లేవడం తగ్గిందని పిన్ని చెప్పింది. నేను వెళ్ళినప్పుడు అదే మాట అడిగితే నవ్వి, "ఇదివరకు అదెక్కడుందో తెలియక లేచేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడుందో తెలిసి పడుకుంటున్నాను" అన్నారు. అయినా కూతురు పెట్టింది కదా అని ఒక్క కెమెరా కూడా తీయలేదు. చూపు మందగించిందని తుపాకికి ఎర్రచుక్క కనపడే అద్దం కూడా బిగించుకున్నారు. చుక్క ఎక్కడ పడితే గుండు అక్కడికే పోతుంది.

ఆ మేలో నీరజ కూడా వచ్చింది. తెల్లవారుతుండగా మేమిద్దరం పైపొలం అంచున మేపుల్ చెట్టుకి ఆనుకున్నాం. నీరజ వాల్ట్ వాళ్ళ కొట్టం దగ్గర ట్రక్కులో కూర్చుని ఫోన్ చూస్తోంది. చాలాసేపు ఏ కూతా లేదు. అప్పుడు నా ఫోన్ వణికింది. కిందిపొలం, పుంజు, ఇప్పుడే, అని నీరజ మెసేజ్. నేను బాబాయికి చూపించాను. ఆయనకి లేవాలని లేదు, ఆ మొహంలో తెలిసింది. కానీ కూతురు చెప్పింది. లేచాం. అడవి అంచు వెంట దిగి కిందిపొలం పక్కన ఒక పెద్ద చెట్టు చూసుకుని కూర్చున్నాం.

బాబాయి పెట్టె తీసి ఒక్కసారి కూశారు. జవాబు లేదు. కాసేపటికి పొలం మధ్యలో చిన్న దిబ్బ మీద, గడ్డి పైన, విప్పిన తోక కనపడింది. సూర్యుడు అప్పుడే వస్తున్నాడు. తోక అంచు రాగిలా మెరిసింది. కింద ఎర్రటి తల. బాబాయి మోకాలి మీద తుపాకి ఆనించి మెల్లగా ఎత్తారు. తోక ఆగింది. కొంచెం తిరిగింది. మళ్ళీ మా వైపే వచ్చింది. దూరం తగ్గుతూ ఉంది. తుపాకి పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీసిన చిన్న చప్పుడు నాకు వినిపించింది.

ఆయన కళ్ళు తిప్పి నన్ను చూశారు. ఏ వైపు అని. నేను వేలు కదపలేదు. చూపించడానికి చప్పుడేమీ లేదు. తోక విప్పిన పుంజు అంత దగ్గరికి వస్తే దాని ఛాతీలోంచి దూరపు మోటారులా ఒక మూలుగు వస్తుంది. అది లేదు. నేను అరచెయ్యి తిప్పి చూపించాను, ఏమీ లేదని.

ఆయన మళ్ళీ ముందుకి చూశారు. "గడ్డమేదీ?" అన్నారు, పెదవులు కదపకుండా.

గడ్డి అడ్డుగా ఉండొచ్చు. పక్షి ఇంకొంచెం ముందుకొస్తే కనపడొచ్చు. చుక్క దాని మీదే ఉందని ఆయన తరవాత చెప్పారు. ఎంతసేపు అలా ఉన్నారో నేను చెప్పలేను. సేఫ్టీ మళ్ళీ వేసిన చప్పుడు వినిపించింది. తుపాకి కిందికి దించి, కదలకుండానే, గట్టిగా, ప్రతి ఉదయం పొరుగువాళ్ళని పలకరించే గొంతుతో అన్నారు: "గుడ్ మార్నింగ్. హంటర్ హియర్. స్టే రైట్ దేర్."

తోక కిందపడింది. గడ్డిలోంచి ఒక మనిషి లేచాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో తుపాకి, కింద పడ్డది నిజం తోక ఈకలతో చేసిన విసనకర్ర, దానికి తగిలించిన ప్లాస్టిక్ తల. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని పాకితే, ఇంకో పుంజు వచ్చిందని అసలు పుంజు మీదికి వస్తుందట. కొత్త పద్ధతి. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. మా పెట్టె కూత విని నిజం పెట్ట అనుకున్నాడు. దాని వెంట పుంజు ఉంటుందని మా వైపు పాకుతున్నాడు. అతని తుపాకిలో కూడా తూటా ఉంది. వాల్ట్ కొడుకు అతనికి ఆ వారమే పర్మిషన్ ఇచ్చాడు, మాకు చెప్పడం మరిచిపోయాడు.

అతని పేరు డస్టిన్. కరెంటు స్తంభాలెక్కే పని. బాబాయి అతన్ని గట్టు మీద కూర్చోబెట్టి పులిహోర డబ్బా చేతికిచ్చారు. కేకలేస్తారని నేను ఎదురుచూశాను. ఆయన వేట నీకు ఎవరు నేర్పారని మాత్రం అడిగారు. ఎవరూ లేరని, తండ్రికి వేట లేదని, ఫోన్‌లో చూశానని అతను చెప్పాడు. పులిహోర తింటుంటే ఆవపిండి ఘాటుకో దేనికో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పటికి నీరజ పరిగెత్తుకుంటూ వచ్చింది. మమ్మల్ని, అతన్ని, కింద పడి ఉన్న తోకని చూసింది. ఫోన్ తీసి కెమెరా పంపిన బొమ్మ పెద్దది చేసింది. ఆకుపచ్చ గీతల మధ్య విప్పిన తోక. పైన టర్కీ అని రాసి ఉంది. తోక కింద, గడ్డి మసకలో, మనిషి మోకాలు.

నీరజ ఆ బొమ్మ చూస్తూనే గట్టు మీదే కూలబడింది.

"నాన్నా, నేనే మెసేజ్ చేశాను. అది టర్కీ అంది. నేను జూమ్ చెయ్యలేదు. నేను రోజూ చేసే పనే ఇది."

బాబాయి దాని పక్కన కూర్చున్నారు. ఒక చెవిలోంచి హియరింగ్ ఎయిడ్ తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత అన్నారు: "మెషీన్ పుంజంది. నువ్వు పుంజన్నావు. నేననలేదు కదమ్మా."

నీరజ తల ఎత్తలేదు. "టర్కీ కోసం పెట్టలేదు నాన్నా ఆ కెమెరాలు. నువ్వు పొద్దున్నే నడుస్తావు కదా. అది చూడ్డానికి పెట్టాను. నువ్వు పడిపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన కూతురి జుట్టులో చిక్కుకున్న గడ్డిపరకలు ఒక్కొక్కటీ తీశారు. డస్టిన్ మా భాష తెలియక, లేచి పోవచ్చో కూడదో తెలియక, ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

ఇంటికెళ్ళాక బాబాయి తిండి ముట్టలేదు. సాయంత్రందాకా పడుకున్నారు. పిన్నికి నీరజే చెప్పింది. పిన్ని గొడవ చెయ్యలేదు. ఆయన లేచి కాఫీ అడిగినప్పుడు, ఇచ్చి, ఎదురుగా కూర్చుని, తుపాకి ఇంక చాలని చెప్పింది. అడవి మానమనలేదు. ఆయన ఒప్పుకున్నారు. అంత త్వరగా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. ఆ పొద్దున తను కాల్చి ఉండేవాడినేమోనని ఆయన నాతో ఒక్కసారే అన్నారు, మర్నాడు కారు దాకా వచ్చినప్పుడు. గడ్డం వెతకడం అలవాటు కాబట్టి ఆగారట. ఆ అలవాటు లేని రోజు రావచ్చు, వయసు మీద పడితే అలవాట్లే ముందు పోతాయని అన్నారు. అప్పుడే కార్లో పెట్టిన పచ్చడి సీసాకి మూత సరిగ్గా పెట్టానా అని అడిగారు.

నీరజ కెమెరాలన్నీ విప్పేస్తానంది. వాగు పక్కన ఒకటి ఉంచమన్నారు, నక్కపిల్లలు బాగుంటాయని. మిగతావి తీసి గరాజ్‌లో పెట్టింది. కాలిఫోర్నియా వెళ్ళాక, ఆఫీసులో తన టీమ్‌కి ఆ మోకాలు బొమ్మ చూపించిందని నాకు చెప్పింది. ఎవరో నవ్వారట. మిగతావాళ్ళు నవ్వలేదట.

మరుసటి వసంతం, అంటే పోయిన ఏడాది, నాకు పని ఒత్తిడి వల్ల వెళ్ళడం కుదరలేదు. వెళ్ళింది డస్టిన్. ఏప్రిల్ నుంచే బాబాయి అతన్ని సాయంత్రాలు పొలానికి రమ్మనేవారు. తుపాకి లేదు, ఫోన్ ట్రక్కులో. పక్షులు చెట్టెక్కే చప్పుడు వినడం, ఏ కొమ్మ మీద పడుకున్నాయో గుర్తుపెట్టుకోవడం, అంతే పని. మొదటి వారం అతనికి విసుగొచ్చిందట. జేబులో ఫోన్ లేకపోతే చెయ్యి ఊరికే జేబులోకి పోతుందని చెప్పాడట. మే వచ్చాక తుపాకి అతని చేతిలో, పెట్టె బాబాయి చేతిలో. దిక్కు చూపించే వేలు ఇప్పుడు డస్టిన్‌ది.

ఒకరోజు ఆయన నాకు ఫోన్ చేశారు. గొంతులో హుషారు వినపడింది. ఒక పుంజు వచ్చిందట. ఒక్క కూతకే. చెట్టు దిగి, పొగమంచులోంచి నడుచుకుంటూ, తోక విప్పి, బాగా దగ్గరికి వచ్చేసిందట. ఆ మూలుగు తన హియరింగ్ ఎయిడ్స్‌లో కూడా వినపడిందట.

"కొట్టాడా బాబాయ్?" అన్నాను.

"గడ్డి పొడుగ్గా ఉందమ్మా. గడ్డం కనపడలేదు. వాడు ఆగాడు."

"తరవాత?"

"తరవాతేముంది, అది వెళ్ళిపోయింది."

ఎన్నో పక్షుల్ని కొట్టి తెచ్చిన మనిషి. వాటి గురించి చెప్పినప్పుడు ఆ గొంతులో నేనెప్పుడూ అంత సంతోషం వినలేదు. అది పుంజేనని ఇద్దరికీ తెలుసు. కూత వల్లా, నడక వల్లా తెలుసు. అయినా గడ్డం కంటికి కనపడలేదు కాబట్టి వదిలేశారు. దాన్ని ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పారు. నేను మళ్ళీ విన్నాను.

దహనానికి వెళ్ళినప్పుడు మంచు పడుతోంది. ఊరి ఫ్యూనరల్ హోమ్‌లో మన తెలుగువాళ్ళు ఒక పక్క, రైతులు ఒక పక్క కూర్చున్నారు. రైతులు బూట్లు గుమ్మం దగ్గరే బాగా దులుపుకుని వచ్చారు. దూరపు గుడినుంచి వచ్చిన పూజారిగారు మంత్రాల అర్థం ఇంగ్లీషులో చెబుతుంటే వాళ్ళు తలలు వంచుకుని విన్నారు. ఒకాయన తన ఆవుకి ఆయన చేసిన ఆపరేషన్ సంగతి చెప్పి మధ్యలో ఆగిపోయాడు. డస్టిన్ భార్యని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ నిండు గర్భిణి. పిన్ని వాళ్ళిద్దరినీ చూసి, ముందు ఆమెని కూర్చోమంది. డస్టిన్ పిన్నితో ఎక్కువేమీ మాట్లాడలేదు. ఆయన తనని ఒక్కసారి కూడా తిట్టలేదని, తిట్టి ఉంటే బాగుండేదని ఆ ఏడాదంతా అనిపించిందని, ఇప్పుడు అనిపించడం లేదని చెప్పాడు. పిన్నికి ఆ ఇంగ్లీషు ఎంత అందిందో నాకు తెలియదు. అతని చెయ్యి పట్టుకుని, తిన్నావా అని అడిగింది.

నీరజ ఒక నెల తల్లి దగ్గర ఉంది. అక్కడినుంచే పని చేసుకుంది. పిన్ని బాగానే ఉంది. పిట్టలకి గింజలు ఇప్పుడు తనే వేస్తోందట, ఆయన వేసేంత ఎక్కువ వెయ్యదట.

నేను పనిలోకి వచ్చేశాను. మార్చి చివర్లో ఒక ఉదయం ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు ఆపి దిగబోతూ ఆగాను. ఈమధ్య ఇటువైపు ఊళ్ళలో కూడా టర్కీలు తిరుగుతున్నాయి, మనుషులంటే బెరుకు లేకుండా. ముందు వరసలో ఎవరిదో కొత్త నల్లకారు. దాని తలుపు అద్దంలా ఉంది. ఒక పుంజు ఆ తలుపు ముందు నిలబడి, అందులో కనపడుతున్న పుంజుని చూస్తూ తోక పూర్తిగా విప్పింది. రెక్కలు నేలకి రాస్తూ ఒక అడుగు ముందుకి వేసింది. అవతలిది కూడా వేసింది. కారు కెమెరా పక్కన చిన్న దీపం వెలిగి ఆరుతోంది, రికార్డు చేస్తోంది కాబోలు. బిల్డింగ్ అద్దాల వెనక ఇద్దరు ముగ్గురు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను ఇంజన్ ఆపి, కిటికీ కొంచెం దించాను. ఆ మూలుగు వినిపించింది.

దాని వెనక పచ్చికలో పెట్ట ఒకటి ఏదో ఏరుకుంటూ నడుస్తోంది. కాసేపు ఏరుకుంది. తల ఎత్తి ఒకసారి కూసింది. తరవాత పచ్చిక దాటి, కార్ల మధ్యనుంచి, మురుగుకాలువ అవతలి చెట్లలోకి వెళ్ళిపోయింది. పుంజు మాత్రం ఆ నల్లటి తలుపు ముందు, తోక ముడవకుండా, ఇంకా నిలబడే ఉంది.